పిలుపుల లెక్క

"పిన్నీ, నేనేమైనా తప్పు మాట్లాడానంటావా?"

మా అక్క కూతురు అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. అక్కడి దక్షిణాది రాష్ట్రం ఒకదాంట్లో డిగ్రీలో చేరిన ఏడాది, ఆగస్టులో ఒక సాయంత్రం ఫోన్ చేసి ఈ మాట అడిగింది. సొరోరిటీలో చేరాలనుకుంది. మొదటి రెండు రోజుల్లో పన్నెండు ఇళ్లు తిరిగింది. అన్నిచోట్లా అమ్మాయిలు నవ్వుతూ, ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు. మూడోరోజు పొద్దున్న చేతికొచ్చిన జాబితాలో మళ్లీ రమ్మన్న ఇళ్లు నాలుగే. తనకి అన్నిటికంటే నచ్చిన ఇల్లు అందులో లేదు. ఆ రాత్రి అక్కతో మాట్లాడితే, "మనకి పెళ్లిచూపులు, దీనికి ఇవి" అంది. 'ఇంటికెళ్లి కబురు చేస్తాం' అని చెప్పి కబురు చెయ్యని వాళ్లు మా ఇద్దరికీ తెలుసు.

నేను చదువుకున్నది సాహిత్యం. కానీ ఆ పిల్ల ప్రశ్నకి జవాబు వెతకబోతే అది నన్ను లెక్కల్లోకి తీసుకుపోయింది.

సొరోరిటీలు పుట్టిందే వెలివేతలోంచి. 19వ శతాబ్దంలో కళాశాల గడప తొక్కిన కొద్దిమంది స్త్రీలకి మగవాళ్ల సంఘాల్లో చోటు లేదు. 1867లో ఇల్లినాయ్‌లోని మన్‌మత్ కళాశాలలో పన్నెండుమంది, 1870లో ఇండియానాలో నలుగురు కలిసి సొంత సంఘాలు పెట్టుకున్నారు. అవే తర్వాత పై బీటా ఫై, కప్పా ఆల్ఫా తీటా పేర్లతో దేశమంతా విస్తరించాయి. సంఘాలు పెరిగేకొద్దీ సభ్యుల కోసం పోటీ పెరిగింది. ఇంకా కళాశాలలో చేరని పిల్లల్ని కూడా ముందే తమవాళ్లని చేసుకునేవారు. ఈ పరుగుకే 'రష్' అని పేరు. దీనికి కొన్ని కట్టుబాట్లు పెట్టడానికి 1902లో షికాగోలో కొన్ని సంఘాల ప్రతినిధులు కూర్చున్నారు. ఆ కూటమే నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అయింది.

కట్టుబాట్లు వచ్చినా ఒక చిక్కు మిగిలింది. ఎంపిక విడతలు విడతలుగా జరుగుతుంది. ప్రతి విడత తర్వాతా సంఘం కొందరిని మళ్లీ పిలుస్తుంది. అమ్మాయి కూడా వచ్చిన పిలుపుల్లో కొన్ని ఉంచుకుని కొన్ని వదులుకుంటుంది. చివరికి ఇటు ఇష్టాల జాబితా, అటు ఇష్టాల జాబితా కలిపి చూసి ఎవరు ఎక్కడో తేలుస్తారు. పేరున్న ఇల్లు ఐదొందల మందిని పిలిచి, చివరిరోజు దాకా ఆశపెట్టి, అప్పుడు నాలుగొందల యాభై మందిని వదిలేస్తే? వాళ్లు ఈలోగా ఆ ఇంటి కోసం మిగతా ఇళ్లని వదులుకుని ఉంటారు. ఎక్కడా చోటు దొరక్క ఏడుస్తూ గదికి పోవాల్సిందే. మరోవైపు అంతగా పేరులేని ఇళ్లు పిల్లలు లేక మూతపడతాయి.

ఈ తంతుని 1991లో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు, సుసాన్ మంగెల్, ఆల్విన్ రాత్, పరిశోధనాంశంగా తీసుకున్నారు. రెండువైపులా ఇష్టాలున్నప్పుడు జతలు ఎలా కుదురుతాయన్నది వాళ్ల ప్రశ్న. (ఇలాంటి జతల లెక్క మీద పనికే రాత్‌కి 2012లో లాయిడ్ షాప్లీతో కలిపి నోబెల్ వచ్చింది.) చాలామంది అమ్మాయిలు చివరి జాబితాలో ఒకే ఒక్క సంఘం పేరు రాస్తున్నారని వాళ్లు గమనించారు. అది దక్కకపోతే ఇంకేదీ దక్కదు. విద్యార్థినుల వాడుకలో దానికి పేరు 'సూసైడ్'. ఆ పద్ధతి కుప్పకూలకుండా నిలబడింది చాలావరకు ఇలా ఒక్క పేరే రాసిన వాళ్ల వల్లేనట. స్త్రీల భాషని చదవడం అలవాటైన నాకు ఆ ఒక్క మాట దగ్గర చాలాసేపు చూపు ఆగిపోయింది.

2000ల తర్వాత స్థిరపడిన పద్ధతి ఈ చిక్కుని చాలావరకు విప్పింది. ఇప్పుడు ఎంతమందిని మళ్లీ పిలవాలో సంఘం ఇష్టం కాదు. కాన్ఫరెన్స్ తరపున లెక్కలు చూసే నిపుణురాలు ప్రతి విడతకీ ఒక్కో ఇంటికి ఒక్కో అంకె ఇస్తుంది. దాని ఆధారం, గత ఏళ్లలో ఆ ఇల్లు పిలిస్తే ఎంతమంది తిరిగి వచ్చారన్నది. ఊహకి ఒక ఉదాహరణ చెప్తాను. ఒక ఇల్లు వందమందిని పిలిస్తే తొంభైమంది వస్తారు, ఇంకో ఇల్లు పిలిస్తే నలభైమందే వస్తారు. ఇద్దరికీ చివర్లో యాభైమంది కావాలి. కాబట్టి మొదటి ఇల్లు ముందే ఎక్కువమందిని వదిలెయ్యాలి, రెండోది ఎక్కువమందిని పిలవొచ్చు. పిలిచినవాళ్లలో అనుకున్నకంటే ఎక్కువమంది రామంటే పిలవడానికి అదనపు పేర్ల వరస కూడా సిద్ధంగా ఉంటుంది. చివరిదాకా వచ్చిన పిలుపులన్నీ కాదనకుండా నడిచిన అమ్మాయికి దాదాపుగా ఎక్కడో ఒకచోట చోటు దొరుకుతుంది.

అంటే మా పిల్లని కాదన్న ఇల్లు, బహుశా అంకె నిండిపోయి కాదంది. మొదట్లోనే కాదనడం ఈ పద్ధతిలోని దయ. ఒక సాయంత్రం ఏడిస్తే సరిపోతుంది, వారమంతా ఆశపడి ఏడవక్కర్లేదు. ఇది తన తప్పు కాదని చెప్పడానికి నా దగ్గర ఇప్పుడు ఆధారం ఉంది.

కానీ పూర్తి ఆధారం కాదు. ప్రతి ఇంటికీ చివర్లో చేర్చుకోగల సంఖ్యని వాళ్లు 'కోటా' అంటారు. మనకి ఆ మాట వినగానే తలుపు బయట నిలబెట్టిన వాళ్ల కోసం పోరాడి తెచ్చుకున్న చోటు గుర్తొస్తుంది. అక్కడి కోటా ఇంటికీ ఇంటికీ మధ్య సమానత్వం. తలుపు లోపలున్న వాళ్ల మధ్య న్యాయం. ఎంతమంది అన్నదే దానికి పట్టింపు, ఎవరు అన్నది కాదు.

ఎవరు అన్నది ఏం చేస్తుందో అలబామా చెప్తుంది. అలబామా విశ్వవిద్యాలయంలో 1963 జూన్‌లో గవర్నర్ వాలెస్ తలుపుకి అడ్డంగా నిలబడితే, ఫెడరల్ అధికారుల రక్షణలో వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ చేరారు. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 2013 సెప్టెంబరులో, అక్కడి విద్యార్థి పత్రిక 'క్రిమ్సన్ వైట్' ఒక విషయం బయటపెట్టింది. మంచి మార్కులున్న ఒక నల్లజాతి అమ్మాయిని తెల్లవారి సొరోరిటీలు వరసగా కాదన్నాయి. లోపలి అమ్మాయిలు కొందరు ఆమె కావాలన్నా, పూర్వవిద్యార్థినులైన పెద్దవాళ్లు అడ్డుపడ్డారు. ఈ సంగతి చెప్పింది ఆ ఇళ్లలోని అమ్మాయిలే. విద్యార్థులూ అధ్యాపకులూ ఊరేగింపు తీశారు. అధ్యక్షురాలు జూడీ బానర్ ఎంపికని మళ్లీ తెరవమని ఆదేశించాక కొందరు నల్లజాతి యువతులకి పిలుపు వచ్చింది. పిలుపుల లెక్క ఎంత సవ్యంగా ఉన్నా ఆ ఇళ్లలో ఆ పేరు జాబితా నుంచి జారిపోవడాన్ని అది పట్టుకోలేదు, పట్టుకోవడానికి తయారైందీ కాదు.

నల్లజాతి స్త్రీలు ఈ పిలుపు కోసం కాచుకుని కూర్చోలేదు. 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కప్పా ఆల్ఫాని, 1913లో అక్కడే డెల్టా సిగ్మా తీటాని స్థాపించారు. డెల్టా స్త్రీలు ఆ ఏడాది మార్చిలోనే వాషింగ్టన్‌లో ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. వెలివేతలోంచి పుట్టిన సంఘాలు తామే వెలివేస్తే, వెలి అయిన స్త్రీలు ఇంకో ఇల్లు కట్టుకున్నారు.

మా పిల్లకి ఆ నాలుగిళ్లలో ఒకదాంట్లో చోటు దొరికింది. స్నేహాలు కుదిరాయి, సంతోషంగానే ఉంది. మరుసటి ఏడు అదే వారంలో ఆ తలుపుకి లోపలివైపు నిలబడింది. ఈసారి నేను ఫోన్ చేసి అడిగాను, ఎలా ఉందని. చాలాసేపు మాట్లాడలేదు. లోపల జరిగేది బయటికి చెప్పకూడదట. చివరికి ఒక్కటి మాత్రం చెప్పింది.

"మాకు ఇచ్చిన అంకె దాటి పేర్లున్నాయి పిన్నీ. కొట్టెయ్యాలి. ఎందుకు కొట్టేశామో రాయడానికి మాత్రం ఎక్కడా గడి లేదు."