సరంగు మాట నుంచి ఓటీపీ దాకా: కలకత్తా రేవులో నావికుడి గుర్తింపు చరిత్ర

గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు 'లస్కర్' అనే మాట కొత్త కాదు. కాలువ గట్ల మీద తిరుగుతూ తూముల తలుపులు ఎత్తి దించే నీటిపారుదల శాఖ ఉద్యోగిని అలా పిలుస్తారు. బ్రిటిష్ ఓడల్లో పనిచేసిన భారతీయ నావికుడి పేరు కూడా ఇదే. సైన్యం, దండు అనే అర్థమున్న పారశీక పదం 'లష్కర్' దీనికి మూలం. మన ప్రిపరేషన్‌లో వలస కార్మికులు అనగానే గిర్మిటియాలు, అస్సాం తేయాకు కూలీలు, రంగూన్ వెళ్లిన కోరంగీలు గుర్తొస్తారు. లస్కర్లు మాత్రం ఎక్కడో ఒక వాక్యంలో కనిపించి మాయమైపోతారు. ఈ వ్యాసం వాళ్ల గురించే. అయితే వాళ్ల జీతాల కంటే, ప్రయాణాల కంటే ఎక్కువగా వాళ్ల గుర్తింపు పత్రాల గురించి.

ముందు ఒక చిన్న ఊహ చేయండి. మీకు 19 ఏళ్లు. జీపీ రేటింగ్ కోర్సు చేశారు. కోల్‌కతాలో ఒక గదిలో కూర్చుని, సీడీసీ అనే నావికుడి పుస్తకం కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతున్నారు. పేరు, పుట్టిన తేదీ, ఫొటో, పాస్‌పోర్టు, ఇండాస్ నంబరు... అన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే: "నువ్వు నువ్వేనని ఎవరు చెబుతారు?" హుగ్లీ ఒడ్డున ఈ ప్రశ్న వేసుకోవడం రెండు వందల ఏళ్ల కిందటే మొదలైంది. జవాబు మారినప్పుడల్లా నావికుడి బతుకు కూడా మారింది.

చదువుతున్నంతసేపూ మూడు విషయాలు గమనించండి. నావికుడికి హామీ ఎవరు? పత్రం ఎవరికి ఉపయోగపడింది? పత్రం ఎవరి చేతిలో ఉంది?

1. సరంగే సాక్షి

కలకత్తాలో ఓడ ఎక్కిన లస్కర్లలో ఎక్కువమంది సిల్హెట్, నోఖాలీ, చిట్టగాంగ్ ప్రాంతాలవాళ్లు. కంపెనీ వాళ్లను ఒక్కొక్కరిగా పిలిచి ఉద్యోగం ఇచ్చేది కాదు. సరంగును పెట్టుకునేది. సరంగు తన ఊరివాళ్లను, బంధువులను జట్టుగా తెచ్చేవాడు. అతని కింద టిండాలు, ఆ కింద సాధారణ లస్కర్లు. ఓడ అధికారికి కుర్రాడి పేరు తెలియకపోయినా ఇబ్బంది లేదు, సరంగుకు తెలిస్తే చాలు.

రేవులో సరంగుకూ కంపెనీకీ మధ్య ఇంకొకడు ఉండేవాడు, ఘాట్ సరంగు. మనుషులను సరఫరా చేసే దళారి అతను. ఖిదిర్‌పూర్ వైపు బస ఇళ్లలో నావికులు నెలల తరబడి ఓడ కోసం కాచుకునేవాళ్లు. తిండికి, పడకకు అప్పు. ఉద్యోగం దొరకాలంటే ముడుపు. ఓడ ఎక్కేసరికే రాబోయే జీతంలో కొంత భాగం పోయినట్టే.

దీన్ని అవినీతి అని ఒక్క మాటలో తేల్చేస్తే చరిత్ర అర్థం కాదు. ఊరు వదిలి వచ్చిన, చదువురాని కుర్రాడికి ఆ మహానగరంలో తెలిసిన మనిషి సరంగు ఒక్కడే. రక్షణ, దోపిడీ రెండూ ఒకే చేతి నుంచి వచ్చాయి. హామీ ఇచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు అతను అడిగిన ధర కట్టక తప్పదు.

2. రాజ్యం కాగితం ఇచ్చింది

చట్టం వైపు చూడండి. 1823 నాటి బ్రిటిష్ చట్టం లస్కర్లను బ్రిటిష్ నావికులుగా పరిగణించరాదని చెప్పింది. చక్రవర్తి పాలనలోని ప్రాంతంలో పుట్టినా సరే, ఓడ మీద మాత్రం వేరే వర్గం. లస్కర్ల ఒప్పందాలూ వేరు, జీతాలూ వేరు. యూరోపియన్ నావికుడికి వచ్చేదానిలో చిన్న భాగమే వీళ్లకు దక్కేది.

ఇక్కడ 1859 చట్టంతో షిప్పింగ్ మాస్టర్ వ్యవస్థకు పునాది పడింది. నావికుడి ఒప్పందం ఆ అధికారి ఎదుట జరగాలి. 1923 నాటి భారత వాణిజ్య నౌకా చట్టం ఈ నిబంధనలన్నిటినీ ఒకచోట చేర్చింది. నావికుడు చేసిన ప్రయాణాలను, అతని పని, నడవడికలను నమోదు చేసే డిశ్చార్జి పత్రం చేతికి వచ్చింది. నేటి సీడీసీకి పూర్వరూపం అదే.

కాగితం వచ్చినా దళారి పోలేదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడింది. 1920లో అది నావికుల నియామకంపై 9వ ఒడంబడిక చేసింది. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకునే వ్యాపారం ఆగాలన్నది దాని సారం. 1922లో కలకత్తా నియామకాలపై ప్రభుత్వం కమిటీ వేసింది. 1929లో నియమించిన విట్లీ కమిషన్ కూడా నావికుల నియామకాన్ని పరిశీలించింది. కాగితంపై ముద్ర షిప్పింగ్ మాస్టర్‌దే అయినా, ఆ బల్ల దాకా ఎవరు వెళ్లాలో తేల్చేది దళారే. ఈ వాక్యం గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

3. బెంగాల్ కనిపెట్టిన వేలిముద్ర

గుర్తింపు చరిత్రలో బెంగాల్‌కు ప్రత్యేక స్థానం ఉంది. 1858లో జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి రోడ్డు సామగ్రి సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1877 నాటికి హుగ్లీలో పింఛన్లకు, దస్తావేజుల రిజిస్ట్రేషన్‌కు వేలిముద్రలు వాడాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రపంచానికి తెలిసిన వర్గీకరణ పద్ధతి వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు అధికారుల కృషి ఉంది. 1901లో అది లండన్ స్కాట్లండ్ యార్డ్‌కు చేరింది.

ఇక్కడ మార్పు గమనించండి. సరంగు మాట స్థానంలో శరీరమే సాక్షి అయింది. కానీ ఆ సాక్ష్యం అడిగేవాడు పాలకుడు, ఇచ్చేవాడు పాలితుడు. 'వాడు మాట తప్పకుండా ఎలా పట్టుకోవాలి' అన్న అవసరం నుంచే ఈ సాంకేతికత పుట్టింది. పౌరుడి హక్కు నుంచి పుట్టలేదు.

4. 1925: పత్రం ఉన్నా పనికిరాని రోజు

మొదటి ప్రపంచ యుద్ధంలో కలకత్తా నావికులు పెద్దఎత్తున ప్రాణాలు పోగొట్టుకున్నారు. హేస్టింగ్స్ ప్రాంతంలో, ప్రిన్సెప్ ఘాట్ దగ్గర, లస్కర్ స్మారకం ఉంది. 1924లో గవర్నరు లార్డ్ లిట్టన్ ఆవిష్కరించారు. బెంగాల్, అస్సాం, ఉత్తర భారతం నుంచి వెళ్లి చనిపోయిన 896 మంది జ్ఞాపకార్థం కట్టారు.

మరుసటి ఏడాదే, 1925లో, బ్రిటన్ 'కలర్డ్ ఏలియన్ సీమెన్' ఉత్తర్వు తెచ్చింది. అక్కడి రేవుల్లో ఉండే నల్లజాతి, ఆసియా నావికులు తాము బ్రిటిష్ ప్రజలమని కాగితంతో నిరూపించాలి. లేకపోతే విదేశీయులుగా నమోదు కావాలి. ఆ నమోదు కార్డు మీద ఫొటోతోపాటు బొటనవేలి ముద్ర.

నావికుడి దగ్గర ఉన్నది డిశ్చార్జి పుస్తకం. అందులో పుట్టిన ఊరు రాసి ఉన్నా, జాతీయతకు రుజువుగా అది చాలదన్నారు. పాస్‌పోర్టు తెమ్మన్నారు. అప్పట్లో నావికుడికి పాస్‌పోర్టుతో పని పడేది కాదు. అందుకే నిజంగా బ్రిటిష్ ప్రజలైనవాళ్లు కూడా చాలామంది పరాయివాళ్లుగా నమోదయ్యారు. ఈ ఉత్తర్వు 1942 దాకా అమల్లో ఉంది.

మన రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఆ పుస్తకం కంపెనీకి పనికొచ్చింది, ఎందుకంటే మనిషి అనుభవం ఎంతో అందులో తెలుస్తుంది. మనిషి తన హక్కు చూపించాల్సిన చోట మాత్రం పనికిరాలేదు. పత్రం విలువ దాన్ని ఇచ్చినవాడి చేతిలో కాదు, చూసి ఒప్పుకునేవాడి చేతిలో ఉంటుంది.

అయితే లస్కర్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. కలకత్తాలో నావికుల సంఘాలు ఏర్పడ్డాయి, సిల్హెట్ నుంచి వచ్చిన ఆఫ్తాబ్ అలీ వాటిలో ముఖ్య నాయకుడయ్యారు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటన్, దక్షిణాఫ్రికా రేవుల్లో లస్కర్లు సమ్మె చేశారు. కొందరు జైలుకు వెళ్లారు. కానీ జీతాలు పెరిగాయి.

5. స్వాతంత్ర్యం తర్వాత

1948లో విశాఖపట్నంలో 'జల ఉష' ఓడను నెహ్రూ జలప్రవేశం చేయించారు. ఓడలు మనవైతే నావికులకూ మన శిక్షణే కావాలి. అందుకే కలకత్తాలో 'భద్ర', విశాఖలో 'మేఖల' శిక్షణ ఓడలు వచ్చాయి. సరంగు తెచ్చిన బంధువు స్థానంలోకి శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకున్న కుర్రాడు వచ్చాడు. 1958లో వాణిజ్య నౌకా చట్టం వచ్చింది. 2025లో దాని స్థానంలో కొత్త చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది.

అదే 1958లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నావికుల గుర్తింపు పత్రాలపై 108వ ఒడంబడిక చేసింది. 2001 దాడుల తర్వాత భద్రతా భయాలు పెరిగి, 2003లో 185వ ఒడంబడిక వచ్చింది. భారత్ దీన్ని 2015లో ఆమోదించింది. 2019 డిసెంబరులో ముఖ కవళికల ఆధారంగా పనిచేసే బయోమెట్రిక్ నావికుడి గుర్తింపు పత్రం ప్రారంభమైంది. ముఖ బయోమెట్రిక్‌తో ఈ పత్రం ఇచ్చిన మొదటి దేశం మనదేనని ప్రభుత్వం ప్రకటించింది. దీన్ని జారీ చేయడానికి పెట్టిన 9 కేంద్రాల్లో కోల్‌కతా, విశాఖ రెండూ ఉన్నాయి.

185వ ఒడంబడికలో మూడు అంశాలు నోట్స్‌లో రాసుకోండి. ఒకటి, దీన్ని ఆమోదించిన దేశాల్లో ఓడ రేవులో ఉండగా నావికుడు వీసా లేకుండా తాత్కాలికంగా ఒడ్డుకు దిగవచ్చు. రెండు, పత్రంలో కంటికి కనిపించకుండా నిక్షిప్తమైన తన సమాచారాన్ని చూసుకునే వీలు అతనికి ఉండాలి. మూడు, పత్రం ఎప్పుడూ నావికుడి దగ్గరే ఉండాలి. అతని రాతపూర్వక అంగీకారం ఉంటేనే కెప్టెన్ భద్రపరచవచ్చు. పాలకుడి అనుమానం నుంచి పుట్టిన బయోమెట్రిక్‌కు ఇక్కడ మొదటిసారి హక్కు తోడైంది. ఐతే అమెరికా దీన్ని ఆమోదించలేదు. అక్కడ వీసా తప్పదు. 1925 నాటి పాఠం ఇంకా పూర్తిగా పాతబడలేదు.

6. ఇప్పుడు ఆ గదిలోకి తిరిగి రండి

మీ దరఖాస్తు తెర మీద ఉంది. సరంగు లేడు, ఘాట్ లేదు. కోల్‌కతా షిప్పింగ్ మాస్టర్ కార్యాలయం హేస్టింగ్స్‌లోని మెరైన్ హౌస్‌లో ఉంది. 896 మంది స్మారకం అక్కడికి దగ్గరే. కానీ వరసలో నిలబడకుండానే దరఖాస్తు పంపొచ్చు. ఇది చిన్న మార్పు కాదు. బల్ల దాకా తీసుకెళ్లే దళారి అవసరం సూత్రప్రాయంగా పోయింది.

ఆచరణలో రెండు చోట్ల చిక్కు. మొదటిది పేరు. మన తెలుగువాళ్లకు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలో ఉంటాయి. మనిషి ఒక్కడే, కంప్యూటరుకు ముగ్గురు. కాబట్టి కోర్సులో చేరేముందే అన్ని పత్రాల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండేట్టు సరిచేసుకోవాలి. ఓడ పిలుపు వచ్చాక సరిచేసుకుందామంటే సమయం చాలదు.

రెండోది ఇంకా పెద్దది. ఆధార్ ధ్రువీకరణలో ఓటీపీ, ఆధార్‌కు జతైన ఫోనుకు వస్తుంది. ఆ ఫోను ఎవరిది? "ఫారం మేమే నింపుతాం తమ్ముడూ, నంబరు మాది పెడదాం, పాస్‌వర్డ్ మా దగ్గర ఉంటుందిలే" అనే ఏజెంటు దొరికితే ఏం జరిగిందో ఆలోచించండి. ఘాట్ సరంగు తిరిగొచ్చాడు. ముద్ర ప్రభుత్వానిదే, తలుపు తాళం మాత్రం మళ్లీ దళారి దగ్గర.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2006 సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి నుంచి రుసుము తీసుకోకూడదు. వైద్య ధ్రువపత్రం, నావికుడి పుస్తకం, పాస్‌పోర్టు వంటి ప్రయాణ పత్రాల ఖర్చు మాత్రమే అతనిది. మన దేశంలో నియామక సంస్థకు డీజీ షిప్పింగ్ లైసెన్సు తప్పనిసరి. సంతకం పెట్టేముందు ఆ లైసెన్సు జాబితా చూసుకోవడం అయిదు నిమిషాల పని.

7. ముగింపు, పరీక్ష కోణం

జీఎస్-1లో శ్రామిక వలసలు, జీఎస్-2లో ఈ-గవర్నెన్స్, గోప్యత, వ్యాస పత్రంలో సాంకేతికత-స్వేచ్ఛ... మూడింటికీ ఈ ఉదాహరణ పనికొస్తుంది. 2017 పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. దానికి లస్కర్ చరిత్రను జోడిస్తే మీ జవాబు అందరిలా ఉండదు.

వాదన ఒక్క ముక్కలో: గుర్తింపు పద్ధతి ఎంత ఆధునికమైనా, అది మనిషికి అధికారం ఇస్తుందా, మనిషి మీద అధికారం ఇస్తుందా అన్నది ఆ పత్రం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. నిన్న అది సరంగు మాట. నేడు ఆరంకెల ఓటీపీ. నిజంగానే మీరో, మీ తమ్ముడో ఆ దరఖాస్తు ముందు కూర్చుంటే, ఆ ఆరంకెలు ఇంకొకరికి చెప్పకండి.

సాధన ప్రశ్న: "గుర్తింపు పత్రం వలస పాలనలో నియంత్రణ సాధనం, ప్రజాస్వామ్యంలో హక్కు సాధనం." భారతీయ నావికుల అనుభవం ఆధారంగా ఈ వాక్యాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి. (250 పదాలు)