నైవేద్యం కన్నా ముందు చెరువు తవ్వినారు

తిరుపతి ప్రసాదం తినని ఇల్లు మన పక్క లేదు. కానీ ఆ ప్రసాదం వెనకాల ఒక చెరువు కథ ఉండాది. కొంచెం తీరిక చేసుకొని చదవండి.

తిరుమల గుడి గోడల మీద శాసనాలు చూసే ఉంటారు. ఎక్కువ భాగం తమిళంలో ఉంటాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి లాంటి పండితులతో వాటిని చదివించి, 1930ల్లో దేవస్థానమే అచ్చు వేయించింది. వాటి మీద బర్టన్ స్టెయిన్ అనే అమెరికా చరిత్రకారుడు 1960లో ఒక వ్యాసం రాసినాడు. అందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది.

విజయనగర రాజుల కాలంలో ఎవరైనా నైవేద్యానికని డబ్బు ఇస్తే, గుడి వాళ్లు దాంతో నేరుగా బియ్యం కొని వండేసేవాళ్లు కాదు. ఆ డబ్బుతో గుడి మాన్యం ఊళ్లలో చెరువులు, కాలవలు తవ్వించేవాళ్లు. నీళ్లు వస్తే పంట పెరుగుతుంది. ఆ పెరిగిన పంటలోంచి దాత పేరు మీద నైవేద్యం జరిగేది. ప్రసాదంలో నాలుగో వంతు దాతకు ఇచ్చేవాళ్లు. అసలు మట్టిలోనే ఉంటుంది, వడ్డీ మాత్రం ఆకులోకి వస్తుంది. ఎంత తెలివో చూడండి!

పూలతోటదీ అదే కథ. రామానుజుల వారి కాలంలో అనంతాళ్వారు కొండమీద తోట వేయాలని, ముందు చెరువు తవ్వడానికి దిగినాడని పెద్దలు చెప్తారు. ఆయన గునపం ఇప్పటికీ మహాద్వారం దగ్గర వేలాడుతా ఉంటుంది. తోట కోసం చెరువు తవ్వినారే గానీ, చెరువు పూడ్చి తోట వేయలేదు.

ఇప్పుడు చదువుకున్నోళ్లు కార్బన్ కార్బన్ అంటావున్నారు. మనకది కొత్తేమీ కాదు. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గింజ, గడ్డి చేస్తుంది. గడ్డి ఎద్దుకు, పేడ కయ్యకు. వానకు కొట్టుకొచ్చిన ఆకూఅలమూ చెరువులో కుళ్లి ఒండ్రు అవుతుంది. ఎండాకాలం బండ్లతో ఆ మట్టి తోలుకొచ్చి చేన్లో పోసేవాళ్లం. మన ఎర్ర ఇసుక నేల్లో చెనిక్కాయకు తేమ నిలిచేది దాంతోనే. పోయింది మళ్లీ చేనికి వచ్చేది.

ఇప్పుడా తిరుగుడు తెగిపోయింది. చెరువు నీళ్లు లేక వెయ్యి అడుగుల బోరు వేస్తున్నాం. ఆ మోటారు తిరగడానికి ముద్దనూరు లాంటి చోట్ల బొగ్గు కాలుతా ఉంది. మన కూరగాయలు తిరుపతికి పోతాయి, తొక్కలు, ఎంగిలాకులు చెత్తకుప్పలో కుళ్లి గాలిలో కలుస్తాయి. మన కయ్యకు తిరిగొచ్చేది యూరియా మూట ఒక్కటే.

2021 నవంబరు మరిచిపోయినారా? తిరుపతి వీధులు ఏర్లయినాయి. రాయలచెరువు కట్టకు లీకు పడితే కింది ఊళ్లు ఖాళీ చేయించినారు. రాయల కాలం నాటిదని చెప్పుకొనే చెరువు అది. కట్టినోళ్లు మనకు వందల ఏండ్లు నిలిచేది ఇచ్చినారు, మనం తూము, మొరవ కూడా చూసుకోలేకపోతిమి.

నిరాశ పడాల్సిన పని లేదు. తిరుమలలో 2002లోనే 106 సోలార్ డిష్‌లు పెట్టి, ఎండతో ఆవిరి పుట్టించి అన్నం వండినారు. మనసుంటే పాత బుద్ధి కొత్త పనిముట్టుతో వస్తుంది.

కాబట్టి ఈసారి గ్రామసభలో రెండు మాటలు అడగండి. ఒకటి, మన చెరువు పూడిక తీసి ఆ మట్టి చేన్లకే ఇయ్యాల. మురుగు కలిసే చెరువైతే మట్టి పరీక్ష చేయించినాకే తోలుకోండి. రెండు, టౌన్ తడిచెత్త ప్లాస్టిక్ కలవకుండా ఎరువై మన పల్లెలకు రావాల. పార్కు కావాలంటే చెరువు కట్ట మీద చెట్లు పెట్టుకోండి, నీళ్లు నిలిచే చోటు మాత్రం వదలండని టౌన్ వాళ్లకు మనమే చెప్పాల.

మీ ఊరి చెరువు పేరేమి, చివరిసారి ఎప్పుడు పూడిక తీసినారు? కింద రాయండి.