తంబోలా

ఒకరు గట్టిగా చదివే అంకెలను మిగిలినవాళ్లు తమ టికెట్లలో వెతికి కొట్టేసుకుంటూ పోయే ఆట తంబోలా. హౌసీ అన్నా ఇదే. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పల్లెల కంటే కాలనీల్లోనే ఇది ఎక్కువ కనిపిస్తుంది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బొగ్గుగని కాలనీల క్లబ్బులు, రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్, పట్టణాల్లో కిట్టీ పార్టీలు, అపార్టుమెంట్ల వేడుకలు దీని తావులు.

దీని పుట్టుక ఇటలీలో. అక్కడ 1530 నుంచే లాటరీ ఉందని చెబుతారు. 1734లో నేపుల్స్ రాజు లాటరీని చట్టబద్ధం చేయబోతే గ్రెగోరియో మరియా రోక్కో అనే మతగురువు అడ్డు చెప్పాడట. చివరికి క్రిస్మస్ వారంలో లాటరీ ఆపాలని ఒప్పందం కుదిరింది. జనం ఊరుకోలేదు, బుట్టలో అంకెలు వేసుకుని ఇళ్లలోనే ఆడుకున్నారు. ‘తోంబోలా’ అలా మొదలైందని చెబుతారు. తర్వాత బ్రిటిష్ సైనికులకు ఇది ‘హౌస్’ అయింది, వాళ్ల శిబిరాలు, క్లబ్బుల ద్వారా మన దేశానికి చేరింది.

మన టికెట్టు బ్రిటిష్ పద్ధతిదే. 3 అడ్డు వరసలు, 9 నిలువు వరసలు. 27 గళ్లలో 15 అంకెలు, 12 ఖాళీలు. అడ్డు వరసకు 5 అంకెలు. మొదటి నిలువు వరసలో 1 నుంచి 9 లోపు, చివరి దాంట్లో 80 నుంచి 90 లోపు అంకెలుంటాయి. ఆరు టికెట్ల పూర్తి షీటు కొంటే 90 అంకెలూ సరిగ్గా ఒక్కసారి చొప్పున వస్తాయి. ముందుగా ఐదు అంకెలు కొట్టినవాళ్లకు జల్దీ ఫైవ్. ఆపైన నాలుగు మూలలు, పై లైను, నడిమి లైను, కింది లైను, చివరగా ఫుల్ హౌస్. తర్వాతి అంకె పిలవకముందే అరవాలి. తప్పుగా అరిస్తే అది బోగీ. ఆ టికెట్టు ఆటలోంచి పోతుంది. ఒక టికెట్టు నిండడానికి సగటున 85 పిలుపులు కావాలి. ఫుల్ హౌస్ అంతకంటే ముందే పడుతోందంటే ఆ హాల్లో చాలా టికెట్లు అమ్ముడయ్యాయన్నమాట.

ఆట రుచంతా పిలిచేవారి నోట్లో ఉంది. ఇంగ్లండులో 11ని కాళ్లతోనూ, 88ని ఇద్దరు లావుపాటి ఆడవాళ్లతోనూ పోల్చి పిలుస్తారు. మన దగ్గర 47 వస్తే స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది. పలు రాష్ట్రాల కుటుంబాలు కలిసి బతికే టౌన్‌షిప్‌లో అంకెను ఇంగ్లిషులో చదివి, హిందీలోనో తెలుగులోనో మళ్లీ చెబితే భాష రాలేదని ఎవరూ వెనక కూర్చోనక్కర్లేదు.

అమెరికాలో అంకెలు 75, టికెట్టు 5×5, నడిమి గడి ఖాళీ. అక్కడ చిక్కుడు గింజలతో గళ్లు కప్పేవారు కనుక ‘బీనో’ అన్నారు. 1929లో ఎడ్విన్ లో అనే బొమ్మల వ్యాపారి దాన్ని చూసి ‘బింగో’గా అమ్మాడు. కార్ల్ లెఫ్లర్ అనే గణిత ఆచార్యుడు అతనికి 6,000 వేర్వేరు కార్డులు కూర్చిపెట్టాడు. మెక్సికో ‘లొతెరియా’లో అంకెల బదులు 54 బొమ్మలు.

పచ్చీసు, అష్టాచెమ్మల్లో గవ్వలు ఎలా పడినా ఏ కాయ జరపాలో మనమే తేల్చుకుంటాం. తంబోలాలో ఆ ఎంపిక లేదు, వినడం, కొట్టడం తప్ప. అందుకే మూడో తరగతి పిల్లాడు నాయనమ్మను, కొత్తగా చేరిన కార్మికుడు మేనేజరును గెలవగలరు. ఇంత సమానంగా కూర్చోబెట్టే ఆట మరొకటి అరుదు.

చట్టం దగ్గర అదృష్టం మీదే నడిచే ఆ గుణమే చిక్కు. రమ్మీకి నైపుణ్యం కావాలని 1967లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. తంబోలాకు ఆ వాదన వర్తించదు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో సవరించి ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. వేడుకల్లో చాలాచోట్ల నగదు బదులు స్టీలు డబ్బానో, చీరనో బహుమతిగా ఇస్తారు.