మెట్ల దారి, నడివయసు, డోంగర్‌గఢ్ కొండ

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున, మహానది పరీవాహక మైదానంలో, వరిపొలాల నడుమ పెరిగిన నగరం కావడం వల్ల, ఆ నేలమీద పుట్టినవారికి పొలం గట్ల వెంట మైళ్లకొద్దీ నడవడం పూర్వం నిత్యకృత్యమే అయినా, ఎత్తు ఎక్కడం మాత్రం యాత్రకు వెళ్లినప్పుడు తప్ప తటస్థపడేది కాదు. ఆ యాత్రలలో ముఖ్యమైనది నగరానికి పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న డోంగర్‌గఢ్ బమ్లేశ్వరి కొండ. ఏటా చైత్రంలోనూ ఆశ్వయుజంలోనూ జరిగే రెండు నవరాత్రి జాతరలలో ఆ కొండ ఎక్కేవారిలో పిల్లల్ని పెంచి, ఉద్యోగాలలో స్థిరపడి, ఒళ్లు బరువెక్కిన నడివయసువారు పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. అలవాటు తప్పిన శరీరంతో నలభై, యాభై ఏళ్లు దాటాక కొండ ఎక్కడం నేటి సమస్యగా కనిపించినా, దానికి దీర్ఘమైన చరిత్ర ఉంది.

డోంగర్‌గఢ్‌లో అమ్మవారికి రెండు ఆలయాలున్నాయి. కొండపైనున్నది బడీ బమ్లేశ్వరి అనగా పెద్దమ్మ గుడి, దిగువనున్నది ఛోటీ బమ్లేశ్వరి అనగా చిన్నమ్మ గుడి. ఈ ఊరు పూర్వం కామావతీ నగరమనీ, సంతానం కోసం మొక్కుకొన్న వీరసేనుడనే రాజు మొక్కు తీరాక గుడి కట్టించాడనీ స్థలపురాణం చెబుతుంది. మాధవానలుడనే సంగీతజ్ఞునికీ కామకందల అనే నర్తకికీ నడిచిన ప్రేమకథను కూడా జనం ఈ ఊరికే ముడిపెడతారు. కొండ ఎత్తు 1600 అడుగులని అంతటా రాస్తారు గాని, ఆ లెక్కను సముద్రమట్టం నుంచి తీసుకొన్నదిగా గ్రహించడమే సమంజసం. ఎందుకంటే పైకి వెళ్లే మెట్లు సుమారు 1100, ఒక్కొక్క మెట్టు ఎత్తు అరడుగు అనుకొంటే యాత్రికుడు నిజంగా ఎక్కేది 550 అడుగులకు మించదు. దూరం నుంచి విన్న అంకె భయపెట్టి ఎందరినో కొండ కిందనే ఆపేస్తుంది గనుక, ఈ తేడాను స్పష్టంగా చెప్పడం అవసరం.

రైలుకు ముందటి కాలంలో దూరయాత్ర ప్రధానంగా నడివయసు దాటినవారి పని. సేద్యం, పిల్లల పెంపకం, పెళ్లిళ్లు ముగిసి, ఇంటి బాధ్యత కొడుకుల చేతికి వచ్చాక గాని గృహస్థుకు కాశీకో శ్రీశైలానికో బయలుదేరే తీరిక దొరికేది కాదు. తెలుగులో తొలి యాత్రాగ్రంథాలలో అగ్రగణ్యమైన ‘కాశీయాత్ర చరిత్ర’ను రచించిన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఇరుభాషల మధ్య మాట చేరవేసే ఉద్యోగిగా పనిచేసినవాడు. కచేరీ కొలువుకు అలవాటుపడిన ఆయన 1830 మే 18న బయలుదేరేనాటికి వయసు సుమారు యాభై. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం కొండలను దర్శించి, హైదరాబాదు, నాగపూర్‌ల మీదుగా, అంటే రాయ్‌పూర్‌కు పడమటి దారిలో కాశీ చేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చెన్నపట్టణం ముట్టాడు. ఆయన వెంట పెద్ద పరివారం, సవారీ మోసే బోయీలు ఉన్నారు. మజిలీకీ మజిలీకీ మధ్య దూరం, దారిలో దొరికే నీళ్లు, నీడ, బియ్యం, బోయీల కూలి వంటివి ఆయన ఓపికగా నమోదు చేసిన తీరు చూస్తే, ఒక యాత్ర సాగాలంటే యాత్రికుని కాళ్ల సత్తువ కన్నా దారి పొడుగునా ఉండే ఏర్పాట్లే ముఖ్యమని ఆ కాలంవారికి ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది.

ఆ ఏర్పాట్లలో మొదటిది మెట్టు. 14వ శతాబ్దిలో కొండవీటి రెడ్డిరాజ్యానికి మూలపురుషుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడన్నది ఆయన కీర్తిలో ప్రధానభాగమైంది. చెరువు తవ్వించడం, సత్రం కట్టించడంతో సమానంగా మెట్లు కట్టించడాన్ని కూడా ఆ కాలం ధర్మకార్యంగా గణించింది. ఆత్మకూరు వైపునుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం వెళ్లే పాత అడవిదారిలో లోయలోకి దిగి మళ్లీ కైలాసద్వారం వైపు ఎక్కే రాతిమెట్ల మీద, శివరాత్రికీ ఉగాదికీ నేటికీ జనం నడుస్తున్నారు. తిరుమలకు అలిపిరి దారిలో 3550 మెట్లున్నాయి. ఆ మెట్లతో మట్ల రాజుల పేరు ముడిపడి ఉంది. అయితే ఆ మెట్లు ఏకధాటిగా సాగవు. కొంత నిటారుగా ఎక్కాక గాలిగోపురం వస్తుంది, ఆ పైన దారి చాలామేర చదునుగా సాగి, చివరకు మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిలువుగా లేస్తుంది. మధ్యమధ్య మండపాలు, నీటి వసతి ఉంటాయి. నడవలేనివారిని డోలీలో, అంటే వెదురుబొంగుకు కట్టిన పీటమీదనో గుడ్డ ఉయ్యాలలోనో కూర్చోబెట్టి మోసేవారు ఉండేవారు. అందువల్ల ఎక్కలేకపోవడం అవమానంగా ఎవరికీ తోచలేదు.

మెట్లపూజ అనే ఆచారాన్ని ఈ సందర్భంలో దగ్గరగా పరిశీలించాలి. మొక్కుకొన్న స్త్రీ ఒక చేత పసుపు, కుంకుమ ఉన్న పళ్లెం పట్టుకొని, ప్రతి మెట్టు ముందూ వంగి, తడిపిన పసుపును మూడువేళ్లతో రాసి, దానిమీద కుంకుమబొట్టు పెట్టి, నిటారుగా నిలబడి, అప్పుడు కాలు పైకి మోపుతుంది. కొన్ని మెట్లకొకసారి కర్పూరం వెలిగిస్తుంది. వంగి లేవడం అదనపు శ్రమే అయినా, రెండు మెట్లను కలిపి ఎక్కడానికి గాని, ముందున్నవారిని దాటిపోవడానికి గాని ఆ ఆచారం వీలివ్వదు. వెంట ఉన్నవారు బిగ్గరగా గోవిందనామం చెబుతూ ఉంటారు. శ్రమ హద్దు మీరకుండా ఉండాలంటే మాట్లాడగలిగేంత వేగంతోనే నడవాలని నేటి వైద్యులు చెప్పే సూత్రం, నామం పలుకుతూ ఎక్కే ఈ అలవాటులో ముందునుంచే ఇమిడి ఉంది. గొంతు ఆగిపోయినచోట కాలు కూడా ఆగుతుంది. డోంగర్‌గఢ్ మెట్లమీద వినిపించే ‘జై మాతా దీ’ నినాదం, నవరాత్రులలో పాడే జస్‌గీత్ అనే ఛత్తీస్‌గఢీ అమ్మవారి పాట కూడా ఇదే పని చేస్తున్నాయి.

ఈ వ్యవస్థను మార్చినది రైలు. 1880ల తొలినాళ్లలో నాగపూర్ నుంచి రాజ్‌నాంద్‌గావ్ వరకు వేసిన మీటర్‌గేజి మార్గాన్ని 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ బ్రాడ్‌గేజిగా మార్చి, రాయ్‌పూర్, బిలాస్‌పూర్‌ల మీదుగా 1891 నాటికి ఆసన్‌సోల్ దాకా పొడిగించింది. డోంగర్‌గఢ్ ఆ మార్గంలోనే ఉన్నందువల్ల, అంతకుముందు రాయ్‌పూర్ నుంచి నాలుగైదు రోజులు నడిచి చేరవలసిన కొండపాదానికి యాత్రికులు కొన్ని గంటలలో చేరసాగారు. ఈ సౌకర్యం అపారమైనదే. కాని, పూర్వం ఇల్లు విడిచిన యాత్రికుడు రోజుకు ఏడెనిమిది క్రోసుల నడకతో కొండ దగ్గరికి వచ్చేసరికి అతని పిక్కలు గట్టిపడి, ఊపిరి కుదురుకొని, యాత్రే అతనికి సాధన అయ్యేది. రైలు దూరాన్ని తగ్గించిందే గాని కొండను తగ్గించలేదు. కుర్చీలో కూర్చొని పనిచేసే శరీరాన్ని ఏ సన్నాహమూ లేకుండా మొదటి మెట్టు దగ్గర దింపిన ఘట్టం నుంచే నేటి నడివయసు యాత్రికుని ఇబ్బంది మొదలైందని చెప్పడం న్యాయం.

రాయ్‌పూర్ తెలుగు కుటుంబాలకు ఈ మార్పు రెండు కొండలతో అనుభవంలోకి వచ్చింది. విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి తూర్పు కనుమలను దాటి వచ్చే రైలుమార్గం 1931లో రాయ్‌పూర్ చేరడంతో ఉత్తరాంధ్రకూ ఈ నగరానికీ సూటి దారి ఏర్పడింది. రైల్వే ఉద్యోగాల కోసం, తరువాత 1950లలో ఆరంభమైన భిలాయి ఉక్కు కర్మాగారం కోసం వచ్చి స్థిరపడినవారు ఇక్కడ బమ్లేశ్వరినీ, సొంత ఊళ్లకు పోయినప్పుడు సింహాచలం అప్పన్ననూ కొలిచేవారయ్యారు. సింహాచలం మెట్లు కూడా దాదాపు వెయ్యి. ఆ దారిపక్కన కొండధారల నీళ్లు పారుతుంటాయి. ఆషాఢ పౌర్ణమికి ఆ కొండచుట్టూ సాగే 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణలో ఎత్తు తక్కువ, దూరం ఎక్కువ గనుక, మెట్లకు భయపడేవారు సైతం అందులో పాల్గొంటారు.

కొండను గడియారంతో కొలిచే పద్ధతి మరో దేశం నుంచి వచ్చింది. లండన్‌లో 1857లో ఆల్పైన్ క్లబ్ ఏర్పడి పర్వతారోహణ పట్టుదల గల యువకుల క్రీడగా స్థిరపడిన తరువాత, 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు సమతలం మీద మూడు మైళ్లకు ఒక గంట, ప్రతి 2000 అడుగుల ఎత్తుకు మరో గంట అనే లెక్కను ప్రతిపాదించాడు. ఆ లెక్కన డోంగర్‌గఢ్ ఎత్తు పావుగంటకు కాస్త పైబడిన పని. అయితే అది గట్టి కాళ్లవారికి చెప్పిన లెక్క. అలవాటు తప్పినవారికి గంట పట్టినా అది సహజమైన వేగమే. పందెపు కొలతను మొక్కుకు తెచ్చి తగిలించడం వల్లనే, చిన్నవాళ్లతో సమానంగా ఎక్కాలని పోయి చాలామంది నడివయసువారు తొలి రెండువందల మెట్లలోనే చతికిలబడుతున్నారు.

శరీరధర్మం కూడా పాతదారి పక్షానే సాక్ష్యం చెబుతుంది. శ్రమించేటప్పుడు దేహం గరిష్ఠంగా వినియోగించుకోగల ప్రాణవాయువు ముప్పయ్యో ఏడు దాటాక, వ్యాయామం లేనివారిలో పదేళ్లకు సుమారు పదిశాతం చొప్పున తగ్గుతుంది గనుక, యాభై ఏళ్లవాడికి ఆయాసం త్వరగా రావడం జబ్బు కానక్కరలేదు. మెట్లమీద మోకాటి చిప్ప వెనుక పడే ఒత్తిడి శరీరపు బరువుకు మూడింతలు దాటుతుంది, దిగేటప్పుడు మరింత పెరుగుతుంది. దిగుడులో తొడకండరాలు సాగుతూ బరువు మోయడం వల్ల ఆ నొప్పి అదేరోజు కాక, మరునాడో మూడోనాడో బయటపడుతుంది. ఎక్కడంలో చూపిన జాగ్రత్త దిగడంలో చూపనివారే ఎక్కువగా బాధపడతారు.

రైలు వచ్చినా నడకయాత్ర ఈ ప్రాంతంలో అంతరించలేదు. నవరాత్రులలో రాయ్‌పూర్, దుర్గ్, రాజ్‌నాంద్‌గావ్‌ల నుంచి డోంగర్‌గఢ్‌కు బారులుతీరి నడిచే పాదయాత్రికులు నేటికీ ఉన్నారు. వారికోసం రహదారి పొడుగునా వెలిసే సేవాపందిళ్లలో నీళ్లు, భోజనం, పడుకొనే చోటు దొరుకుతాయి, కాళ్లకు మందు రాసేవారూ ఉంటారు. ఊరి యువకులు ఒక పెద్దాయన పాదాలను గోరువెచ్చని నీటిలో పెట్టించి పొక్కులు చూసే దృశ్యం, ప్రోలయ వేమారెడ్డి నాటి ధర్మబుద్ధికి సరైన వారసత్వం. ఛత్తీస్‌గఢ్ సమాజం కాపాడుకొన్న అత్యంత విలువైన ఆచారాలలో ఇది ఒకటి.

కొండపైకి ఇప్పుడు రోప్‌వే, అంటే తీగపై సాగే పెట్టెబండి కూడా ఉంది. గుండెజబ్బు గలవారు, మోకాళ్లు అరిగినవారు దాన్ని వాడుకోవడం పూర్వులు డోలీ ఎక్కడం వంటిదే గనుక అందులో తప్పెంచడానికి ఏమీ లేదు. ఎక్కగలిగినవారు మాత్రం యాత్రకు రెండు నెలల ముందునుంచే రోజూ నడక, వారానికి మూడు నాలుగుసార్లు ఇంటిమెట్లో కార్యాలయపు మెట్లో ఎక్కిదిగడం అలవాటు చేసుకొంటే, రైలు తీసివేసిన సాధనను కొంతమేరకైనా తిరిగి సంపాదించుకొన్నవారవుతారు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి కలవాలి. చైత్ర నవరాత్రుల నాటికి రాయ్‌పూర్ మైదానంలో పగటి వేడి 40 డిగ్రీల దరికి చేరుతుంది గనుక, నడివయసులో తొలిసారి ఈ కొండ ఎక్కదలచినవారు ఆశ్వయుజ నవరాత్రులనే ఎంచుకొని, సూర్యోదయానికి ముందే మొదటి మెట్టు ఎక్కాలి.