నల్లాకు ముందు బావి

ఇంద్రేశంలో ఫ్లాట్ చూడడానికి వెళ్తే రెండు అంకెలు తప్పకుండా వినిపిస్తాయి. ఔటర్ రింగ్ రోడ్డు ఎన్ని నిమిషాలు, నీళ్ల టీడీఎస్ ఎంత. "మంచినీళ్లే సార్, ఎనభై దాటదు" అంటారు. నేనూ ఇక్కడే ఉంటున్నాను కాబట్టి ఆ రెండో అంకె వెనక ఏముందో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అది కెమిస్ట్రీ కంటే ఎక్కువగా చరిత్ర ప్రశ్న అనిపించింది.

1965 నుంచే మంజీరా నీళ్లు హైదరాబాద్‌కి వెళ్తున్నాయి. ఊళ్లు మాత్రం బావుల మీద, చెరువుల మీద, నక్కవాగు లాంటి వాగుల మీద బతికాయి. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చింది. మందుల ఫ్యాక్టరీలే ఇంతగా ఎందుకు పెరిగాయంటే రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, 1970 పేటెంట్ చట్టం. మందుకి కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ అనడంతో, అదే మందుని వేరే దారిలో చవగ్గా తయారుచేసే వీలు దొరికింది. రెండోది, హైదరాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని బయటికొచ్చిన కెమిస్టులు. ప్రపంచానికి చవకైన మాత్ర దొరికింది. దాని మురికి నీళ్లు నక్కవాగులోకి చేరాయి.

ఊరివాళ్లకి ఏ మీటరూ అక్కర్లేకపోయింది. నీళ్ల రంగు మారింది, చేపలు చచ్చాయి, పంట ఎండింది. 1990లో వ్యవహారం రిట్ పిటిషన్‌గా సుప్రీంకోర్టుకి చేరింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్ రావు లాంటివాళ్లు దశాబ్దాల పాటు పోరాడారు. ఆ కేసులోనే, కాలుష్యం సోకిన ఊళ్లకి మంచినీళ్లు ఇవ్వాలని కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క ఇదే. నల్లా అంటే మనం అభివృద్ధి అనుకుంటాం. ఈ వాగు పక్క ఊళ్లలో మాత్రం అది చెడిపోయిన బావికి బదులుగా వచ్చింది.

అసలు నీళ్లలో ఏముందో లెక్కతో సహా తేలింది 2007లో. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు అక్కడికి వచ్చేవి. శుద్ధి అయ్యాక కూడా లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ దొరికింది. రోజుకి 45 కిలోలు, అంటే స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత మందు. 2009లో వచ్చిన మరో అధ్యయనం చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందులు ఉన్నాయని చూపించింది. కొన్నిట్లో లీటరుకి ఒక మైక్రోగ్రాము పైనే. ఆ తర్వాత శుద్ధి కేంద్రం నీటిని పైపులో అంబర్‌పేట వైపు మళ్లించారు. వాగుకి కాస్త ఊపిరాడింది, భారం మూసీ మీద పడింది.

ఇప్పుడు మళ్లీ టీడీఎస్ దగ్గరికి వద్దాం. ఆ మీటరు నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, కరిగిన లవణాలు ఎంతో అంచనా వేస్తుంది. అది చూపించగల అతి చిన్న తేడా లీటరుకి ఒక మిల్లీగ్రాము. బావుల్లో దొరికిన మందులు అందులో వెయ్యో వంతు స్థాయిలో ఉన్నాయి. అంటే ఆ మీటరుకి అవి కనపడవు. బ్యాక్టీరియా కూడా కనపడదు. మా ఉద్యోగంలో ఒక మాట ఉంది: టెస్టులన్నీ పాసయ్యాయంటే, మనం రాసుకున్న టెస్టులు పాసయ్యాయని మాత్రమే అర్థం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్, సీసం లాంటివి చాలా అడుగుతుంది గానీ యాంటీబయాటిక్ గురించి అడగదు. ఫ్యాక్టరీ వ్యర్థాల్లో యాంటీబయాటిక్‌లకి పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు.

ఇదంతా చదివి నల్లా నీళ్లంటేనే భయపడితే అది కూడా పొరపాటే. మిషన్ భగీరథలో దూరపు జలాశయం నుంచి శుద్ధి చేసి పంపే నీళ్లూ, ఆనాటి ఊరి బావి నీళ్లూ ఒకటి కావు. తిరకాసు అపార్ట్‌మెంట్ సంపు దగ్గర మొదలవుతుంది. నల్లా నీళ్లు చాలనప్పుడు బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు అన్నీ అందులోనే కలుస్తాయి. ఈ ప్రాంతంలో బోరు వేయడమంటే, వదిలేసిన ఆ పాత బావి నీళ్ల దగ్గరికి ఇంకో దారి తవ్వడమే కావచ్చు. ట్యాంకర్ ఎక్కడ నిండిందో చాలాసార్లు వాచ్‌మన్‌కి కూడా తెలీదు.

కాబట్టి అసోసియేషన్ మీటింగ్‌లో అడగాల్సింది టీడీఎస్ ఎంత అని కాదు. ఈ నీళ్లు ఎక్కడివి? ఏ నెలలో ఏ నీళ్లు ఎంత కలుస్తున్నాయి? నల్లా చివర క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగులుతోందా? గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో బ్యాక్టీరియా, నైట్రేట్, ఫ్లోరైడ్, భార లోహాల పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారు, వానల ముందా, తర్వాతా? కాచితే క్రిములు చస్తాయి గానీ లోహాలు పోవు. ఆర్ఓ చాలా వాటిని ఆపుతుంది, కానీ అది ఒక వంటింటికే కాపలా. పశువులకీ పొలాలకీ ఆర్ఓ ఉండదు. మందుకి లొంగని బ్యాక్టీరియా ఒకసారి తయారైతే, అది ఫిల్టర్ ఉన్న ఇల్లా లేని ఇల్లా అని చూడదు.

వాగు పక్క ఊళ్లలో పెద్దవాళ్లకి ఏ బావి ఎప్పుడు వదిలేశారో గుర్తుంటుంది. మనం వాళ్ల పక్కనే ఐదో అంతస్తులోకి వచ్చి చేరాం. ఇల్లు కొనే ముందు లింక్ డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ల వెనక్కి వెళ్లి చూస్తాం కదా. నీళ్లకీ అలాంటి లింక్ డాక్యుమెంట్లు ఉన్నాయి. అవి ఆ పెద్దవాళ్ల దగ్గర ఉన్నాయి, అడిగితే చెప్తారు.