మూసీ తుగ్యానీ: పట్టణవాసులు నేర్చినదియు మఱచినదియు



చెరువు తెగినచో ఏమగునో మీకు నేను చెప్పవలసిన పని లేదు. చొప్పదండి చుట్టుపట్ల గ్రామములలో పుట్టి పెరిగినవారికి మత్తడి దుముకు చప్పుడును బట్టియే ఎగువన ఎంత వాన కురిసినదో తెలియును. కట్టలో ఊట కనబడినచో అర్ధరాత్రమైనను ఇంటికొక మనిషి పార పట్టుకొని పోవలయుననియు తెలియును. నేటి ప్రసంగము పట్టణవాసులను గూర్చినది. వరదవంటి యాపద వచ్చినపుడు తట్టుకొని నిలుచు శక్తి దేనియందున్నదని హైదరాబాదు నగరమువారు తలచిరి, ఆ తలంపు నూఱేండ్లకు పైబడిన కాలములో ఎట్లు మారినది అనునది విషయము. ఇది మనకేల యందురేమో. మీ కుమారులును మనుమలును అనేకులు ఆ నగరముననే కాపురమున్నారు గదా!

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేది, సోమవారము. మన జిల్లాకు ఎలగందుల యను పేరు పోయి కరీంనగరమను పేరు వచ్చి అప్పటికి మూడేండ్లు. ఆఱవ నిజాము మహబూబలీఖాను ప్రభువు. ఆకాశమునకు చిల్లుపడినట్లు వాన కురిసెను. నగరమునకు ఎగువనున్న శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములును, 48 గంటలలో దాదాపు 19 అంగుళములును పడినట్లు లెక్క తేలినది. వేసవిలో మోకాలిలోతు నీరుకూడ లేని మూసీ, తెల్లవారునప్పటికి రెండు గట్లును దాటి వీధులలో ప్రవేశించెను. అఫ్జల్‌గంజు, చాదర్‌ఘాటు వంతెనలు వరదకు ఆగలేకపోయెను. 1578లో కుతుబ్‌షాహీలు కట్టించిన పురానాపూలు మాత్రము నిలిచెను. సుమారు 19,000 ఇండ్లు కూలెననియు, 15,000 మంది చనిపోయిరనియు సామాన్యముగ చెప్పబడు లెక్క. అమ్జద్ హైదరాబాదీ యను ప్రసిద్ధుడైన ఉర్దూకవి తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ యొక్క దినముననే పోగొట్టుకొనెను.

ఆనాడు ప్రజలు ఎచ్చటికి పరుగెత్తిరో చూడుడు. కొందఱు రాతిగోడను నమ్మి నగరప్రాకారమునందలి పేట్లబురుజు నెక్కిరి. ఆ బురుజు నీటిలో కూలి, ఎక్కినవారిని తనతో తీసికొని పోయెనని నాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. కొందఱు అఫ్జల్‌గంజు ఉద్యానములోని యొక చింతచెట్టు నెక్కిరి. సుమారు 150 మంది దాని కొమ్మలను పట్టుకొని బ్రదికిరి. ఆ చెట్టు తరువాత ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనిదై, ఆ దినమునకు సాక్షిగ నిలిచినది. సెప్టెంబరు 28 నాడు నగరపౌరులు కొందఱు దానిక్రింద గుమిగూడి మృతులను తలచుకొను వాడుక యేర్పడినది.

ఆ వరదకు నగరమువారు 'తుగ్యానీ' యని పేరు పెట్టిరి. పొంగి హద్దుమీఱుట యని దాని భావము. చాలకాలము వారికి అదియే శకమయ్యెను. ఫలానివాడు తుగ్యానీకి రెండేండ్లముందు పుట్టెననియు, ఫలాని యిల్లు తుగ్యానీ పిదప కట్టినదనియు చెప్పుకొనెడివారు. నిజాము ప్రభువు స్వయముగ నదియొడ్డునకు వచ్చి, హిందువుల యాచారము ననుసరించి మూసీకి చీర, పసుపుకుంకుమలు సమర్పించి శాంతింపుమని వేడుకొనెనని నేటికిని కథగ చెప్పుకొందురు. చదువుకొన్న కుఱ్ఱవాండ్రు కొందఱు దీనిని విని నవ్వుదురు. నాకు మాత్రము నవ్వు రాదు. మనమును కట్టమైసమ్మకు బోనము పెట్టిన పిదపనే కట్టమీద మన్ను వేయుదుము గాని, బోనము పెట్టి ఇంట పండుకొనము. నదికి తనదైన దారి యొకటి కలదు, దానిని మనుష్యుడు త్రొక్కరాదు అను ఎఱుక ఆ కథలో నున్నది. అది యున్నంతకాలము నగరమువారు గట్టున ఇల్లు కట్టుటకు జంకిరి.

మఱుసటి యేడు, అనగా 1909లో, నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఆయన బొంబాయి కొలువు విడిచి ఐరోపాలో సంచరించుచుండగా ఈ పిలుపు అందెను. ఆయన వచ్చి ముందుగ నదిని గాక ఎగువ ప్రాంతమును పరిశీలించెను. లెక్కించి చూడగా, నగరమునకు పైన మూసీలోనికి నీరు దిగు నేలలో 788 చెరువులు తేలినవి. సుమారు చదరపుమైలున కొక చెరువు! వానిలో 221 చెరువులు ఆ వానకు తెగినవి. నగరమువద్ద ప్రవాహము సెకనునకు 4,25,000 ఘనపుటడుగులని, అనగా అన్ని క్యూసెక్కులని, ఆయన గణించెను.

ఇచ్చట కొంచెము ఆగవలయును. గొలుసుకట్టు చెరువులను గూర్చి మీకు తెలిసినంత నగరమువారికి తెలియదు. మీది చెరువు మత్తడి నీరు క్రింది చెరువునకు వచ్చును. దాని మత్తడి మఱియొక దానికి పోవును. సామాన్యపు వానకు ఈ గొలుసు వరదను పంచుకొని, వేగమును తగ్గించి, నేలకు ఇంకించును. కాని పైది యొక్కటి తెగినచో దాని నీరంతయు ఒక్కమాఱుగ క్రిందిదానిమీద పడును. అదియు తెగును. తెగిన కొలదియు పెరిగిన నీరు మూడవదానికి పోవును. 1908లో నగరముమీద పడినది వాననీరు మాత్రమే కాదు, తెగిన చెరువుల నీరు కూడను. ఇరువది ముప్పది మైళ్ల ఎగువన ఏదో యొక కట్టమీద ఆ రాత్రి నీరడి ఏమి చేసెను, తూమువద్ద ఎవరుండిరి అనుదానినిబట్టి నగరపువీధిలోని ప్రాణము నిలుచుట యుండెను.

విశ్వేశ్వరయ్యగారు నగరమునకు ఎగువన మూసీమీద ఒకటియు, ఈసామీద ఒకటియు రెండు పెద్ద జలాశయములు కట్టవలయుననియు, నగరములో నదికి ఇరువైపుల గట్లు పోయవలయుననియు, మురుగుకాలువలు సరిచేయవలయుననియు సూచించెను. 1911లో ఆఱవ నిజాము స్వర్గస్థుడు కాగా, ఏడవ నిజాము ఉస్మానలీఖాను ఆ పనిని చేపట్టెను. 1912లో నగరాభివృద్ధి సంఘమేర్పడెను. మనము గండిపేట యని పిలుచు ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను ముగిసినవి. హైకోర్టును, ఉస్మానియా ఆసుపత్రియు ఆ క్రొత్త గట్టుననే లేచినవి. పని గొప్పది, సందేహము లేదు. 1908 వంటి వినాశము మఱల రాలేదు.

అయితే ఆ పనితోడనే పట్టణవాసుల బుద్ధిలో నొక మార్పు వచ్చెను. అంతకుముందు ఆపదను కాచుట అందఱి పని. పిదప అది ఇంజనీరుగారి పని యయ్యెను. కాలక్రమమున ఆ రెండు జలాశయములును నగరమునకు త్రాగునీరిచ్చుటచే, గండిపేట యనగానే జనులకు వరద గాక తీయని నీరు జ్ఞప్తికి రాజొచ్చెను. గండిపేట నీరు త్రాగినవాడు నగరమును విడువడను లోకోక్తి పుట్టినది. ఇందులో నొక చిక్కు కలదు. వరదకొఱకైనచో కుండ ఖాళీగ నుండవలయును. దప్పికకొఱకైనచో నిండుగ నుండవలయును. ఒకే కుండను రెండింటికి వాడునపుడు, ఎప్పుడు ఎంత వదలవలయునో తెలిసిన మనిషి రేయింబవళ్లు దానికడ నుండవలయును. నగరమువారిలో ఈ సంగతి తలచువారు అరుదైపోయిరి.

అంతకంటె పెద్ద మఱపు చెరువులను గూర్చినది. మాసబ్‌ట్యాంకు అను చోట నేడు ట్యాంకు లేదు, పేరు మాత్రము మిగిలినది. శిఖము భూమి యనిన మీకు అర్థమగును: చెరువు నిండినపుడు మునుగునది, ఎండినపుడు దున్నుకొనునది, ఎవ్వరును ఇల్లు కట్టనిది. నగరములో శిఖములు గజముల లెక్కన అమ్ముడుపోయినవి. మత్తడి వాగులు వీధులైనవి.

దాని ఫలితము 2020వ సంవత్సరము అక్టోబరు 13 నాడు కనబడెను. నగరమున ఒక్క దినములో సుమారు 19 సెంటీమీటర్ల వాన కురిసెను. అప్పచెరువు తెగి జాతీయ రహదారిమీద పడెను, పల్లెచెరువు తెగెను, కొలది దినములలో గుఱ్ఱంచెరువును తెగెను. మూసీకి దూరమున నున్న వీధులలో పడవలు తిరిగెను. నది యెక్కడ, మేమెక్కడ యని ఆశ్చర్యపడినవారు అనేకులు. వారు తమ యింటిక్రింద చెరువున్నదని ఎఱుగరు. చాదర్‌ఘాటు దిగువన నదిని ఆనుకొని రేకుల యిండ్లలో నుండు పేదలకు ఆపాటి అజ్ఞానము లేదు. ఎగువ తలుపులు ఎత్తినారని వినగానే వారు మూటముల్లె సర్దుకొందురు. తెలిసియు అచ్చటనే యుండుటకు కారణము కూలిపని, తెలివితక్కువ కాదు. నగరమున ఆపదను బాగుగ నెఱిగినవారికి దానినుండి తొలగు స్తోమత లేదు. స్తోమత గలవారికి ఎఱుక లేదు.

కావున పెద్దలతో నొక మాట. ధాన్యమమ్మిన సొమ్ముతో నగరమున కుమారునికి జాగ కొనదలచినపుడు, కాగితముమీది ముద్రలను మాత్రము చూచి రాకుడు. మీరు స్వయముగ పోయి నేలవాలు చూడుడు. ఎగువ నేమున్నది, దిగువ నేమున్నది, పాతపటములో ఆ సర్వేనంబరు శిఖముక్రింద నున్నదా, వాగుక్రింద నున్నదా యని అడుగుడు. చదువుకొన్న మీ కుమారునికంటె ఈ ప్రశ్న మీకే బాగుగ అడుగవచ్చును.

మఱియొక సంగతి. నగరములోని పెద్ద బస్సుస్టేషనున్న చోటును ఇమ్లీబన్ అందురు. ఇమ్లీబన్ అనగా చింతతోపు. అది మూసీ నడుమనే యున్నది. 2025 సెప్టెంబరు 26వ తేది రాత్రి రెండు జలాశయముల తలుపులును ఎత్తగా నీరు ఆ స్టేషనులోనికి వచ్చి, ఊళ్లకు పోవలసిన ప్రయాణికులు చిక్కుకొనిరి. వచ్చిన నీరు 1908 నాటిదానిలో పదియవ వంతు కూడ కాదు. మన కరీంనగరపు బస్సులు ముందుగ సికింద్రాబాదు జూబిలీ స్టేషనుననే ఆగును. గండిపేట తలుపులు ఎత్తినారని విన్ననాడు అచ్చటనే దిగుడు.