చౌక గ్రాఫిక్స్ కార్డుకు ఓవర్‌క్లాకింగ్: లాభమెంత, హద్దులేంటి?

గ్రాఫిక్స్ కార్డును తయారీదారు నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వేగంతో నడపడమే ఓవర్‌క్లాకింగ్. కొత్త కార్డు కొనే ఖర్చు లేకుండా గేముల్లో మరికొన్ని ఫ్రేములు రాబట్టుకోవడం దీని ఉద్దేశం.

2019 ఏప్రిల్‌లో ఎన్విడియా విడుదల చేసిన జీటీఎక్స్ 1650నే తీసుకుందాం. దీని బూస్ట్ వేగం 1665 మెగాహెర్ట్జ్, మెమరీ 4 జీబీ, విద్యుత్ పరిమితి 75 వాట్లు. మదర్‌బోర్డు స్లాట్ అందించగలిగేది కూడా 75 వాట్లే. కాబట్టి విడిగా పవర్ కనెక్టర్ లేని మోడళ్లలో కోర్ వేగం ఎంత పెంచినా, పరిమితిని తాకగానే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కనెక్టర్ ఉన్న మోడళ్లకు కాస్త వెసులుబాటు ఎక్కువ.

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ముందు కోర్ వేగాన్ని 25 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ గేమ్ ఆడి పరీక్షించాలి. ఆ తర్వాతే మెమరీ జోలికి వెళ్లాలి. తెరపై రంగు మచ్చలు కనిపించినా, గేమ్ మధ్యలో ఆగిపోయినా ఒక మెట్టు వెనక్కి రావాలి. చలికాలంలో సాఫీగా నడిచిన సెట్టింగ్ మే నెల ఎండల్లో నిలవకపోవచ్చు. అప్పుడు మళ్లీ పరీక్షించుకోవాలి.

ఓవర్‌క్లాకింగ్ వేగాన్నే పెంచుతుంది, 4 జీబీ మెమరీని పెంచదు. మెమరీ చాలక తడబడే గేమ్‌లో టెక్స్చర్ నాణ్యత తగ్గించడమే అసలు మందు.